చిన్న కంప్యూటర్ ఎట్ల నిద్ర లేస్తది?
(మన సొంత లినక్స్ తయారీ – విజ్ఞాన పాఠం)

 

ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా 9వ తరగతికి వచ్చింది. మన ల్యాబ్‌లో అరచేయి అంత ఉన్న ఆకుపచ్చ బోర్డును అందరూ చూసే ఉంటరు. దానికి టీవీ కలిపితే గోండి అక్షరాలు వస్తున్నయి కదా! "అది ఎట్ల పనిచేస్తది? లోపల ఏముంది?" అని చాలా మంది అడిగిన్రు. అందరికీ విడివిడిగా చెప్పే కన్నా ఇక్కడ రాస్తే నిలబడి చదువుకోవచ్చు. కొంచెం పొడుగు పాఠమే గాని, కష్టం కాదు.

1. లినక్స్ అనగా నేమి?

కంప్యూటర్‌లో చేతికి తగిలేది హార్డ్‌వేర్. దానిని నడిపించే ఆజ్ఞల మూట సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్లు అన్నిటికీ పెద్దదిక్కు ఆపరేటింగ్ సిస్టం. దాని నడుమ ఉండే ముఖ్య భాగాన్ని కెర్నల్ అంటరు. ఏ ప్రోగ్రాంకు ఎంత చోటు ఇయ్యాలె, ఎవరి వంతు ఎప్పుడు, తెర మీద ఎవరు రాయాలె అన్నది కెర్నలే నిర్ణయిస్తది.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టం తయారు చేస్తానని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టిండు. చాలా భాగాలు తయారైనయి గాని కెర్నల్ కుదరలేదు. 1991లో ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నల్ రాసి అందరికీ ఇచ్చిండు. అదే లినక్స్. 1992లో దానిని గ్నూ వారి జీపీఎల్ అనే లైసెన్సు కిందకు తెచ్చిండు. ఆ లైసెన్సు ప్రకారం మనకు నాలుగు హక్కులు ఉంటయి: వాడుకోవడం, లోపల ఏముందో చదవడం, మార్చుకోవడం, ఇతరులకు పంచడం. మార్చినదాన్ని పంచితే దాని మూలం కూడా వాళ్ళకు ఇయ్యాలె. మనం తీసుకున్నట్టే ఇంకొకరికి అందించాలె అన్నమాట.

ఇది మన దగ్గర కూడా జరిగింది. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు లినక్స్‌ను తెలుగులో తయారు చేసిన్రు. మెనూలు, ఆజ్ఞలు అన్నీ తెలుగులో కనిపిస్తయి. బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని వేరుగా కూడా చేసిన్రు. అంటే లినక్స్‌ను మన అవసరానికి తగ్గట్టు కుట్టించుకోవచ్చు. రెడీమేడ్ బట్టకు, టైలర్ దగ్గర కొలతలిచ్చి కుట్టించిన బట్టకు ఎంత తేడానో ఇక్కడ కూడా అంతే తేడా.

2. ఎంబెడెడ్ కంప్యూటర్ అనగా నేమి?

ఒకే పని కోసం ఒక వస్తువు లోపల కూర్చున్న చిన్న కంప్యూటర్‌ను ఎంబెడెడ్ కంప్యూటర్ అంటరు. బస్సులో కండక్టర్ గారి టికెట్ మిషన్, డిష్ టీవీ డబ్బా, వైఫై డబ్బా – వీటన్నిట్లో కంప్యూటర్ ఉంది.

మన దగ్గర ఉన్నది రాస్ప్‌బెర్రీ పై 3బి. సుమారు 85 మి.మీ. పొడవు, 56 మి.మీ. వెడల్పు. 1 జీబీ మెమరీ, నాలుగు కోర్ల ప్రాసెసర్. బ్రిటన్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పాలని రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ వాళ్ళు ఈ బోర్డులు మొదలుపెట్టిన్రు. మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. మన 3బి రకం 2016లో వచ్చింది. దీంట్లో హార్డ్‌డిస్క్ ఉండదు. గోరంత మైక్రో ఎస్‌డీ కార్డే దానికి పుస్తకం, పలక, సంచి అన్నీ.

చెల్లెళ్ళూ, మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాకు కంప్యూటర్ కొత్త కాదు. బస్సు మీద "ఈసీఐఎల్ చౌరస్తా" అని చదువుతం కదా, ఆ ఈసీఐఎల్ 1967లో పెట్టిన ప్రభుత్వ కర్మాగారం. ఎ.ఎస్.రావు గారు దాని స్థాపకులు. ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద ఉన్నదే. ఆ కర్మాగారం టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని పూర్తి పేరు. ఆ కాలపు కంప్యూటర్లు చాలా వాటికి ముందర స్విచ్చుల వరస ఉండేది. మిషన్ ఆన్ చేయగానే దానికి ఏమీ గుర్తుండదు గనుక, మనిషి ఒక్కొక్క స్విచ్చు పైకీ కిందికీ వేసి మొదటి ఆజ్ఞలు చేతితో ఎక్కించేవాడు. ఇప్పుడు ఆ పని దానంతట అదే జరుగుతది. దానినే బూటింగ్ అంటరు.

3. బూటింగ్ – మన హాస్టల్ పొద్దుటి పూటలాగ

కంప్యూటర్‌కు ఒక చిక్కు ఉంది. కార్డు మీది ప్రోగ్రాం చదవాలంటే చదివే ప్రోగ్రాం కావాలె. ఆ ప్రోగ్రాం కూడా కార్డు మీదనే ఉంటే ఎట్ల? తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసినట్టే. అందుకే పని మెట్లు మెట్లుగా జరుగుతది. మన హాస్టల్ పొద్దున ఎట్ల లేస్తదో గుర్తు చేసుకోండి, అర్థమైపోతది.

మొదటి మెట్టు – వాచ్‌మన్ తాత. కరెంటు రాగానే చిప్‌లో తయారీ నాడే చెక్కిన చిన్న ప్రోగ్రాం లేస్తది. దీనిని బూట్ రామ్ అంటరు. ఎవరూ చెరపలేరు. విచిత్రం ఏమంటే, ఈ బోర్డులో ముందుగా లేచేది ముఖ్య ప్రాసెసర్ కాదు, బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ భాగం. ముఖ్య ప్రాసెసర్ అప్పటికి ఇంకా నిద్రలోనే ఉంటది. వాచ్‌మన్ తాతకు ఒక్క గేటు తాళమే ఉన్నట్టు, ఈ ప్రోగ్రాంకు ఫ్యాట్ అనే పద్ధతిలో రాసిన మొదటి భాగమే తెలుసు. అక్కడ "బూట్‌కోడ్.బిన్" అనే ఫైలు కోసం వెతుకుతది.

రెండో మెట్టు – ఆయమ్మ. బూట్‌కోడ్ లేచి పెద్ద మెమరీని పనిలోకి తెస్తది. అప్పటిదాకా కూర్చోవడానికి చోటే లేదు. ఆయమ్మ స్టడీ హాలు తాళం తీసి, ఊడ్చి, పట్టాలు పరిచినట్టు. తర్వాత "స్టార్ట్.ఎల్ఫ్"ను పిలుస్తది.

మూడో మెట్టు – కేర్‌టేకర్ మేడం. స్టార్ట్.ఎల్ఫ్ నోటీసు బోర్డు చదువుతది. ఆ నోటీసు పేరు "కాన్ఫిగ్.టెక్స్ట్". ఏ కెర్నల్‌ను లేపాలె, తెర ఎంత సైజు అని దాంట్లో ఉంటది. కెర్నల్‌ను మెమరీలో కూర్చోబెట్టి, ముఖ్య ప్రాసెసర్‌ను లేపి, "ఇక మీదే బాధ్యత" అని అప్పజెప్తది.

నాలుగో మెట్టు – వార్డెన్ మేడం. ఆమెనే కెర్నల్. రాగానే రెండు కాగితాలు చూస్తది. ఒకటి స్టాక్ రిజిస్టర్. దీనికి డివైస్ ట్రీ అని పేరు. ఈ బోర్డు మీద ఏ ఏ సామాను ఎక్కడ ఉందో దాంట్లో రాసి ఉంటది. రెండోది చీటీ, "సీఎండీలైన్.టెక్స్ట్". మిగతా ఫైళ్ళన్నీ కార్డు రెండో భాగంలో ఉన్నయి అని ఆ చీటీ చెప్తది. కెర్నల్ ఆ రెండో భాగాన్ని తెరుస్తది.

ఐదో మెట్టు – స్కూల్ లీడర్. కెర్నల్ మొట్టమొదట నడిపే ప్రోగ్రాం పేరు ఇనిట్. దాని నంబరు ఎప్పుడూ 1. ఇనిట్ టైంటేబుల్ చూసి మిగతా అందరినీ లేపుతది. లేపాల్సిన వాటి పేర్లు ఎస్01, ఎస్20, ఎస్99 అని రోల్ నంబర్ల వరసలో ఉంటయి. లీడర్ మధ్యలో పడిపోతే వార్డెన్ మేడం అన్ని పనులు ఆపేస్తది. దీనినే కెర్నల్ ప్యానిక్ అంటరు.

ఇంగ్లీషులో బూట్‌స్ట్రాప్ అంటే బూటు వెనకాల పట్టుకొని లాగే పట్టీ. తన బూటు పట్టీ తనే పట్టుకొని తనను తాను పైకి లేపుకోవడం అనే అర్థంలోంచి బూటింగ్ అనే మాట వచ్చింది.

4. మన లినక్స్‌ను తయారు చేసిన విధానము

కంపెనీ వాళ్ళు ఇచ్చే తయారు లినక్స్ తెచ్చి వేసుకోవచ్చు. కాని అది కొన్ని జీబీలు ఉంటది. మనకు అక్కర లేనివి చాలా ఉంటయి. మేము బిల్డ్‌రూట్ అనే పనిముట్టు వాడినం. ఇది 2001లో మొదలైంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కావలసిన భాగాల మూల రాతను తెచ్చి, మన బోర్డుకు సరిపడే ఆజ్ఞలుగా మార్చి, ఒకే కార్డు ఫైలుగా కట్టి ఇస్తది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ల్యాబ్ పీసీలో ఉన్న ప్రాసెసర్ జాతి వేరు, మన బోర్డులో ఉన్న ఆర్మ్ జాతి వేరు. ఒకరి ఆజ్ఞలు ఇంకొకరికి అర్థం కావు. అందుకే పీసీ మీద కూర్చుని ఆర్మ్ భాషలో రాసిచ్చే క్రాస్ కంపైలర్ కావాలె. నేను ఇక్కడ తెలుగులో ఆలోచించి, ఊళ్ళో మా అమ్మమ్మకు గోండిలో మాట చెప్పి పంపినట్టే. బిల్డ్‌రూట్ ముందుగా ఈ కంపైలర్‌నే తయారు చేసుకుంటది.

చేసిన పనుల వరస (ఇంగ్లీషు ఆజ్ఞలు ల్యాబ్‌లో నల్లబల్ల మీద ఉన్నయి, అక్కడ చూసి రాసుకోండి):

(అ) "మేక్ రాస్ప్‌బెర్రీపై3 డెఫ్‌కాన్ఫిగ్" అన్నది మొదటి ఆజ్ఞ. ఏ బోర్డుకో చెప్పడం దీని పని.

(ఆ) "మేక్ మెనూకాన్ఫిగ్" అంటే నీలం రంగు పట్టిక వస్తది. కావలసిన వాటికి టిక్కు పెట్టాలె. ఇందులో బిజీబాక్స్ అనే భాగం ముందే ఉంటది. ఫైళ్ళు చూపడం, నకలు తీయడం లాంటి వందల ఆజ్ఞలు ఒక్క చిన్న ప్రోగ్రాంలోనే ఉంటయి. ఒక్క కొడవలితో గడ్డి, కూర, కట్టె అన్నీ కోసినట్టు. మేము దానికి తోడు బొమ్మలు చూపే "ఎఫ్‌బీవీ" అనే చిన్న ప్రోగ్రాంకు టిక్కు పెట్టినం.

(ఇ) "మేక్ సోర్స్" అంటే కావలసిన మూల రాతలన్నీ ఇంటర్నెట్ నుండి ముందుగానే దిగుతయి. మన దగ్గర నెట్ వస్తది, పోతది. అందుకని ఈ ఒక్క పనిని సార్ నెట్ బాగున్న చోట చేసి, ఆ సంచిని పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన్రు. తర్వాత నెట్ అవసరమే పడలేదు.

(ఈ) ఓవర్‌లే అనే ఫోల్డర్ చేసి, మన సొంత ఫైళ్ళు దాంట్లో పెట్టాలె. అవి చివర్లో కార్డు రెండో భాగం మీద యథాతథంగా కూర్చుంటయి. మా గోండి పేజీలు, వాటిని నడిపే ఎస్99 ఫైలు ఇక్కడే ఉన్నయి.

(ఉ) చివరికి "మేక్". మన ల్యాబ్ పీసీలో సాయంత్రం మొదలుపెడితే పొద్దున ప్రేయర్ వేళకు అయింది. మొదటిసారే ఇంత సేపు. తర్వాత ఒక పేజీ మార్చి మళ్ళీ చేస్తే కొన్ని నిమిషాలే. ఫలితం "ఎస్‌డీకార్డ్.ఐఎంజీ" అనే ఒక్క ఫైలు, సుమారు 150 ఎంబీ.

జాగ్రత్తలు: ఫోల్డర్ పేర్లలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. ఆ ఫైలును కార్డు మీదకు ఎక్కించే ముందు, ఏ డిస్క్ మీద రాస్తున్నమో "ఎల్ఎస్‌బీఎల్‌కే" ఆజ్ఞతో రెండుసార్లు చూడాలె. డిస్క్ పేరు తప్పుగా ఇస్తే పీసీలో ఉన్నదంతా తుడిచి పెట్టుకుపోతది. ఈ పని పక్కన ఇంకొకరు ఉన్నప్పుడే చెయ్యాలె.

5. లేవకపోతే ఏమి చెయ్యాలె?

తెర నల్లగా ఉంటే భయపడవద్దు. ఏ మెట్టు దగ్గర ఆగిందో బోర్డే చెప్తది.

• ఎర్ర లైటు మిణుకుమంటే లేదా ఆరిపోతే – కరెంటు చాలడం లేదు. 5 వోల్టులు, 2.5 ఆంపియర్ల చార్జర్ కావాలె. మామూలు ఫోన్ చార్జర్ చాలదు.

• ఆకుపచ్చ లైటు 4 సార్లు కొట్టి ఆగితే – స్టార్ట్.ఎల్ఫ్ దొరకలేదు. అంటే ఆయమ్మ వచ్చింది గాని కేర్‌టేకర్ మేడం లేదు.

• 7 సార్లు కొడితే – కెర్నల్ ఫైలు దొరకలేదు. వార్డెన్ మేడం లేదు.

• అక్షరాలు గబగబా వచ్చి "రూట్ దొరకలేదు, ప్యానిక్" అని నిలిచిపోతే – వార్డెన్ మేడం వచ్చింది గాని హాస్టల్ ఎక్కడుందో చీటీలో తప్పు రాసి ఉంది. సీఎండీలైన్ ఫైలు చూడాలె.

తెర అసలే రాకపోతే సీరియల్ కేబుల్ వాడాలె. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి ఎలక్ట్రానిక్స్ సామాను దుకాణాలు ఉన్నయి. బోర్డు మీది 6, 8, 10 నంబరు పిన్నులకు కలిపితే (6 అంటే గ్రౌండ్, 8 పంపేది, 10 అందుకునేది) కెర్నల్ లేస్తూ మాట్లాడే ప్రతి మాట పీసీలో చదువుకోవచ్చు. వేగం 115200 అని పెట్టాలె. ఆ పిన్నులు 3.3 వోల్టులే తట్టుకుంటయి. 5 వోల్టుల తీగ తగిలితే బోర్డు కాలిపోతది.

ఇంకొక సంగతి. మన దగ్గర కరెంటు చెప్పకుండా పోతది. కార్డు మీద రాస్తున్నప్పుడే పోతే ఫైళ్ళు పాడవుతయి. అందుకని మేము మెనూలో కార్డును చదవడానికి మాత్రమే తెరిచేట్టు పెట్టినం. ఎన్నిసార్లు కరెంటు పోయినా, వచ్చినా, 20 లెక్కపెట్టే లోపల మళ్ళీ పేజీలు వస్తున్నయి.

6. ఇదంతా ఎందుకు?

"తయారుగా ఉన్నది వాడుకోక ఇంత కష్టం ఎందుకు?" అని కొందరు అన్నరు. దానికి నా జవాబు.

తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి పట్టికలోనే చోటు దొరికింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి అక్షరానికి ఒక నంబరు ఇచ్చే పెద్ద రిజిస్టర్. మా గోండి భాషకు ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో పాత రాతప్రతులు దొరికినయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, ఊరి పెద్దలు కలిసి వాటిని వెలుగులోకి తెచ్చిన్రు. ఆ లిపికి గుంజాల గోండి అని పేరు పెట్టి 2018లో యూనికోడ్‌లో చేర్చిన్రు. తెలుగు తర్వాత 27 ఏండ్లకు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని చెప్పినవాళ్ళు సుమారు 29 లక్షల 84 వేల మంది. అంత మంది మాట్లాడే భాష అక్షరాలు చాలా కంప్యూటర్లలో, ఫోన్లలో ఇప్పటికీ ఖాళీ డబ్బాలుగానే కనిపిస్తయి. ఎందుకంటే నంబరు ఉన్నా ఆ అక్షరాల ఫాంటు లోపల పెట్టలేదు. ఎవరో పెడతరని ఎదురు చూసుడు ఒక దారి. మనమే పెట్టుకునుడు ఇంకొక దారి. సొంత లినక్స్ చేసుకున్నవాళ్ళకు ఎవరినీ అడిగే పని లేదు.

నేను 5వ తరగతికే ఇక్కడికి వచ్చిన. ఉట్నూరు, జైనూరు దిక్కు నుండి వచ్చిన అక్కలు కూడా అంతే. చదువు వచ్చింది, మంచిదే. కాని విత్తనాలు వేసేటప్పటి మాటలు, కోతల మాటలు, అడవి చెట్ల పేర్లు మాకు సగమే తెలుసు. సెలవులకు పోతే అమ్మమ్మ అన్న మాటకు అర్థం మళ్ళీ అమ్మమ్మనే అడగాల్సి వస్తుంది. అడగడానికి ఆమె ఎంతకాలం ఉంటది? అందుకే మేము ఒక నోటుబుక్కులో మాటలు రాసుడు మొదలుపెట్టినం. ఇప్పటికి 120 మాటలు అయినయి. ఏర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు కదా, రెండు భాషలూ చుట్టాలే అని తెలుస్తది. రోన్ అంటే ఇల్లు.

లినక్స్ నల్ల తెర మీద గోండి అక్షరాలు రావు. తెలుగు ఒత్తులే సరిగా కలవవు. కావున ల్యాబ్ పీసీలో గుంజాల గోండి ఫాంటుతో ఒక్కొక్క మాటను పేజీలాగ రాసి బొమ్మగా మార్చినం. పైన గోండి, కింద తెలుగు. బోర్డు లేవగానే ఎఫ్‌బీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపుతది. ఇది మొదటి మెట్టు. రెండో మెట్టులో ఫాంటును, అక్షరాలను సరిగా కలిపే హార్ఫ్‌బజ్, పాంగో అనే భాగాలను బోర్డులోనే పెట్టాలె. అప్పుడు కొత్త మాట నేరుగా అక్కడే రాయవచ్చు.

లంబాడా చెల్లెళ్ళు, కోయ అక్కలు కూడా తమ మాటలు రాసిస్తే ఓవర్‌లే ఫోల్డర్‌లో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క అర పెట్టవచ్చు. చోటుకు కరువు లేదు. పుస్తకంలోని మాటలు వద్దు, ఇంట్లో పెద్దవాళ్ళు అన్న మాటలే తేవాలె. దసరా సెలవులకు పోయినప్పుడు తలా 20 మాటలు రాసుకొని రండి. మాట, అర్థం, ఎవరు చెప్పిన్రో మూడూ రాయాలె. వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం: డైనింగ్ హాలులో ఉన్న పాత టీవీని ఆదివారం సాయంత్రం ఒక్క గంట ఇస్తే, అన్నానికి వరసలో నిలబడ్డప్పుడు అందరూ ఈ మాటలు చదువుకోవచ్చు.

ప్రశ్నలు (జవాబులు రాసి పత్రిక పెట్టెలో వేయండి, సరైన వాటిని వచ్చే నెల పత్రికలో పేరుతో వేస్తం)

1. కార్డు మొదటి భాగం ఫ్యాట్ పద్ధతిలోనే ఎందుకు ఉండాలె?
2. ఆకుపచ్చ లైటు 7 సార్లు కొడితే మొదట ఏ భాగంలో వెతకాలె?
3. రాస్ప్‌బెర్రీ పై 4లో బూట్‌కోడ్ కార్డు మీద కాకుండా బోర్డు మీదనే ఒక చిన్న చిప్‌లో ఉంటది. మన హాస్టల్ లెక్కలో చెప్పాలంటే ఆయమ్మ ఎక్కడ ఉన్నట్టు?
4. మనం తయారు చేసిన కార్డును వేరే బడి వాళ్ళు అడిగితే, దాంతోపాటు ఇంకేమి ఇయ్యాలె? ఎందుకు?

– 9వ తరగతి విద్యార్థిని, సైన్సు క్లబ్బు